కోరాపుట్ నుంచి బరంపురం దాకా: పెరటి చెట్లకు చలికాలపు సంరక్షణ

ఒడిశా సరిహద్దు జిల్లాల్లోని మన ఇళ్లలో పెరడు ఉందంటే అందులో ఒక మామిడి, ఒక జామ, గోడవారగా మునగ, బావి దగ్గర కరివేపాకు ఉండనే ఉంటాయి. వానాకాలమంతా అవి వాటి మానాన పెరుగుతాయి. దసరా దాటి, తెల్లవారుజామున మంచు పట్టడం మొదలయ్యాకే ఒక్కొక్క సందేహం తలెత్తుతుంది. మామిడికి నీళ్లు పెట్టాలా, మానాలా? సీతాఫలం ఆకులన్నీ రాలుస్తోంది, ఎండిపోతోందా? బొప్పాయి మొవ్వు ఎందుకు ముడుచుకుపోయింది?

చలి వల్ల పోయే చెట్ల కంటే, అన్నిటినీ ఒకేలా చూడటం వల్ల దెబ్బతినే చెట్లే ఎక్కువని నా గట్టి నమ్మకం. ఈ నాలుగు నెలల్లో మామిడికి దాహం కావాలి. దాని పక్కనే ఉన్న చిన్న కొబ్బరి మొక్క దాహాన్ని తట్టుకోలేదు. ఒకే గొట్టంతో రెండింటికీ రోజూ నీళ్లు పెడితే మామిడి పూత పోతుంది, రెండింటికీ మానేస్తే కొబ్బరి ఆకు ఎండుతుంది. అందుకే ఏ చెట్టుకు ఏమి చేయాలో, ఏ చెట్టు జోలికి పోకూడదో ఇక్కడ వరుసగా చెబుతున్నాను.

మొదటి పని: మీ ఇల్లు ఎంత ఎత్తులో ఉందో గమనించండి

మన జిల్లాల్లో చలి ఒక తీరుగా ఉండదు. బరంపురం సముద్రానికి దగ్గర. జనవరి రాత్రుల్లోనూ అక్కడ చలి పదిహేను డిగ్రీల చుట్టుపక్కలే ఆగుతుంది. మహేంద్రతనయ ఒడ్డున పర్లాకిమిడి, వంశధార ఒడ్డున గుణుపురం, నాగావళి ఒడ్డున రాయగడ లోయ ఊళ్లు. ఇక్కడ చలి మధ్యస్థంగా ఉంటుంది కానీ పొద్దుటి మంచు దట్టంగా పడుతుంది. పైకి వెళ్తే కోరాపుట్ సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. సునాబెడ, సెమిలిగుడ, పొట్టంగి అన్నీ ఆ పీఠభూమి మీదివే. 1,672 మీటర్ల దేవమాలి కొండ అటువైపే ఉంది. అక్కడ డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఉష్ణోగ్రత పది డిగ్రీల కిందికి దిగడం మామూలే.

తీరంలో ఉన్నవారికి చలికంటే తుపాను దెబ్బ, తెల్లదోమ పెద్ద సమస్యలు. లోయ ఊళ్లవారికి మంచు వల్ల వచ్చే బూజు తెగుళ్లు ముఖ్యం. చలినే ఎదుర్కోవలసినవారు పీఠభూమివారు. ఇతరుల పెరట్లో పనికొచ్చిన సలహా మీ పెరట్లో పనికిరాకపోవడానికి చాలాసార్లు ఈ ఎత్తు తేడాయే కారణం.

రెండో పని: తుపాను గాయాలు మాన్పడం

మన దగ్గర చలికాలం తుపానుల వెనకే వస్తుంది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపురం దగ్గర తీరం దాటింది. సరిగ్గా ఏడాదికి హుద్‌హుద్ విశాఖను తాకి ఇటు కోరాపుట్ కొండల దాకా గాలివాన తెచ్చింది. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ గజపతి జిల్లాను అతలాకుతలం చేసింది. అంత పెద్దవి రాని ఏళ్లలోనూ దసరా, దీపావళి మధ్య ఒకటి రెండు ఈదురుగాలులు తప్పవు. ఆ గాయాలు మానకుండా చెట్టు చలిలోకి వెళ్తే తెగుళ్లకు తలుపు తీసినట్లే.

ఒరిగిన చెట్టు రెండు మూడేళ్ల లోపుదైతే, నేల ఇంకా తడిగా ఉండగానే మెల్లగా నిలబెట్టి, మూడు వైపులా వెదురు కర్రలు పాతి, గోనె పట్టీతో వదులుగా కట్టండి. తాడు నేరుగా కాండానికి తగలకూడదు. పెద్ద చెట్టు ఒరిగితే మాత్రం లాగి నిలబెట్టాలని చూడవద్దు, మిగిలిన వేళ్లు కూడా తెగుతాయి. బయటపడ్డ వేళ్ల మీద మట్టి కప్పి, ఒరిగిన వైపు దుంగతో ఊతం పెట్టి, పైబరువు కొంత తగ్గించండి. ఒరిగిన చోటే స్థిరపడి కాసే మామిడి చెట్లు మన ఊళ్లలో చాలా ఉన్నాయి.

విరిగిన కొమ్మను కోసే పద్ధతి తెలుసుకుంటే జీవితాంతం పనికొస్తుంది. మణికట్టు మందం దాటిన కొమ్మను ఒకే కోతతో నరికితే, అది పడుతూ పడుతూ కాండం బెరడును చీల్చుకుపోతుంది. అందుకని మూడు కోతలు వేయాలి. ముందు కాండానికి అడుగు దూరంలో కొమ్మ అడుగు వైపు నుంచి మూడో వంతు లోతు రంపంతో కోయండి. తరువాత దానికి రెండు అంగుళాలు అవతల, పై నుంచి పూర్తిగా కోయండి. కొమ్మ ఏ చీలికా లేకుండా పడిపోతుంది. చివరగా మిగిలిన మోడును తీసేయాలి. కొమ్మ కాండంతో కలిసే చోట బెరడు కొంచెం ఉబ్బి, ముడతలు పడి ఒక వలయంలా కనిపిస్తుంది. మూడో కోత ఆ వలయానికి సరిగ్గా బయట పడాలి. గాయాన్ని మూసే కొత్త బెరడు పుట్టేది ఆ వలయం నుంచే. కాండానికి నున్నగా సమం చేసి కోస్తే ఆ వలయం పోతుంది, గాయం ఏళ్ల తరబడి మూసుకోదు. మంచు ఆరి ఎండ వచ్చాకే ఈ పని పెట్టుకోండి.

మూడో పని: బోర్డో పేస్టు

కోసిన చోట పేడ, పసుపు పూయడం మనకు అలవాటు. వాటికంటే బోర్డో పేస్టు నమ్మకమైనది. ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతపు ద్రాక్షతోటల్లో తెగుళ్ల కోసం 1885 ప్రాంతంలో వెలుగులోకి వచ్చిన ఈ మందు ఇప్పటికీ పాతబడలేదు. కావలసినవి రెండే: మైలుతుత్తం, రాళ్ల సున్నం. ఒడియా దుకాణాల్లో తుతియా అని అడిగితే మైలుతుత్తం ఇస్తారు.

100 గ్రాముల మైలుతుత్తాన్ని పలుచని గుడ్డలో మూటకట్టి, అర లీటరు నీళ్లున్న ప్లాస్టిక్ బకెట్‌లో, మూట నీటి పైభాగాన మునిగేటట్లు రాత్రి వేలాడదీయండి. అడుగున వేస్తే ఆలస్యంగా కరుగుతుంది, పైన వేలాడితే తెల్లారేసరికి పూర్తిగా కరిగి ఉంటుంది. ఇంకొక పాత్రలో 100 గ్రాముల సున్నాన్ని కొద్ది నీటితో తడిపి, అది పొంగి చల్లారాక అర లీటరు చేసి, గుడ్డతో వడకట్టండి. పొద్దున్న మైలుతుత్తం నీటిని సున్నపు నీటిలోకి సన్నటి ధారగా పోస్తూ కర్రతో కలపండి. ఆకాశం రంగులో చిక్కటి ముద్ద వస్తుంది. ఇనుప, సత్తు పాత్రలు వాడకూడదు.

తయారైందో లేదో చూడటానికి తుప్పు తోమేసిన మామూలు ఇనుప చాకును అందులో ఒక నిమిషం ఉంచి తీయండి. చాకు మీద ఎర్రటి రాగి పూత కనిపిస్తే సున్నం చాలలేదని అర్థం. ఆ స్థితిలో పూస్తే బెరడు మాడుతుంది. ఇంకొంచెం సున్నపు నీరు కలిపి మళ్లీ చూడండి. చాకు శుభ్రంగా బయటికి వచ్చే దాకా పూయవద్దు. ఇది చేసిన రోజే వాడాలి, నిలవ ఉంటే పని చేయదు.

కోసిన గాయాలన్నిటికీ పూసి, మామిడి, నిమ్మ, జామ, పనస కాండాలకు నేల నుంచి మూడు అడుగుల ఎత్తు దాకా బ్రష్‌తో పట్టించండి. చేతులకు తొడుగులు ఉండాలి. పిల్లలు, పశువులు ఆ బకెట్ దగ్గరికి రాకుండా చూడండి.

పూసే ముందు కాండాన్ని ఒకసారి నిదానంగా చుట్టూ చూడండి. మామిడి మొదట్లో రంపపు పొట్టు లాంటి పొడి రాలి ఉంటే కాండం తొలిచే పురుగు లోపల ఉంది. పొట్టు రాలిన చోటికి పైన రంధ్రం వెతికి, సైకిల్ చక్రపు ఊచను మెల్లగా లోపలికి పోనిచ్చి పురుగును పొడిచి లాగండి. ఆ తరువాత రంధ్రాన్ని బంకమట్టితో మూయండి. జామ, పనస, మునగ బెరడు మీద సాలెగూడులాంటి పట్టు, దానికి అంటుకున్న పొడి కనిపిస్తే అది బెరడు తినే పురుగు. ఆ పట్టును చీపురుతో ఊడ్చేసి, కింద ఉన్న బొక్కలో అదే ఊచ వాడండి. పేస్టు పూయడానికి కాండాన్ని ఎలాగూ దగ్గరగా చూస్తాం కాబట్టి, ఈ పురుగుల్ని పట్టుకోవడానికి ఇదే మంచి అదను.

నాలుగో పని: నేల, నీరు, కప్పు

నీళ్లు పెట్టాలా వద్దా అన్నది పైమట్టి చూసి నిర్ణయించవద్దు. పొద్దుటి మంచుకు పైమట్టి తడిగా, లోపల పొడిగా ఉండవచ్చు. తిరగబడి కూడా ఉండవచ్చు. గునపంతో జానెడు లోతు గుంట చేసి, అడుగు మట్టిని గుప్పిట్లో పట్టి నొక్కండి. ముద్దగా నిలిస్తే ఆ వారం నీరు అక్కర్లేదు. పొడిపొడిగా విడిపోతే కావాలి. మన ఎర్రనేలలు నీటిని త్వరగా వదిలేస్తాయి, నది ఒడ్డు ఒండ్రు నేలలు చాలా రోజులు పట్టి ఉంచుతాయి. అందువల్ల రోజుల లెక్క కంటే గుప్పిటి లెక్క నయం.

నీరు కాండం మొదట్లో పోస్తే ఉపయోగం తక్కువ. నీటిని పీల్చే సన్నటి వేళ్లు కొమ్మల అంచు కింద ఉంటాయి. పాదును అక్కడికి జరిపి, కాండం చుట్టూ మట్టి కొంచెం ఎత్తుగా ఉంచండి. పొద్దెక్కి మంచు ఆరాక, ఎనిమిది నుంచి పదకొండు గంటల మధ్య నీరు పెట్టడం మంచిది. సాయంత్రం ఆకుల మీద పడిన నీరు రాత్రంతా ఆరక బూజు తెగుళ్లను పిలుస్తుంది. (గడ్డకట్టే చలి రాబోతున్న రోజున దీనికి మినహాయింపు ఉంది, తరువాత చెబుతాను.)

కార్తీకం, మార్గశిరాల్లో వరి కోతలవుతాయి కాబట్టి కొత్త గడ్డి దొరుకుతుంది. పాదులో నాలుగు అంగుళాల మందాన గడ్డిగానీ, రాలిన ఆకులుగానీ పరచండి. రాలిన ఆకుల్ని ఊడ్చి తగలబెట్టడం చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. చెట్టు నేల నుంచి తీసుకున్నదాన్ని నేలకే తిరిగి ఇస్తుంటే, మనం దాన్ని పొగ చేసి పక్కింటివారి ఊపిరితిత్తుల్లోకి పంపుతున్నాం. కాకపోతే కప్పును కాండానికి ఆనించవద్దు, జానెడు ఖాళీ వదలండి. మన ఎర్రనేలల్లో చెదలు ఎక్కువ, గడ్డి ఆసరాగా నేరుగా బెరడు మీదికి ఎక్కుతాయి. గడ్డి పరిచే ముందు పాదులో ఒకటి రెండు కిలోల వేపపిండి చల్లి మట్టిలో కలిపితే వాటి బెడద తగ్గుతుంది.

యూరియా వంటి నత్రజని ఎరువులు ఈ కాలంలో వద్దు. వాటి బలంతో వచ్చిన లేత చిగురు చలికి మొదట మాడుతుంది, పురుగుకూ మొదట దొరుకుతుంది.

ఐదో పని: చెట్టు చెట్టుకూ విడివిడిగా

మామిడి. కాపుకొచ్చిన మామిడికి కార్తీకం మొదలు నీళ్లు పూర్తిగా ఆపేయాలి. నేల ఆరడం, రాత్రి చలి, ఈ రెండూ కలిస్తేనే ఆకు వేయవలసిన మొగ్గ పూమొగ్గగా మారుతుంది. ఈ మార్పు బయటికి కనిపించదు. నవంబరు, డిసెంబరుల్లో చెట్టు నిద్రపోతున్నట్లు ఉంటుంది. అది చూసి జాలిపడి నీరు, ఎరువు వేస్తే సంక్రాంతికి పూతకు బదులు ఎర్రటి చిగురు వస్తుంది, ఆ ఏటికి కాపు పోయినట్లే. పిందె బఠానీ గింజంత అయ్యాకే మళ్లీ నీరు మొదలుపెట్టండి. ఈ నియమం నాలుగైదేళ్ల లోపు మొక్కలకు వర్తించదు. వాటికి పూత అక్కర్లేదు, పెరుగుదల కావాలి. వారం పది రోజులకు ఒకసారి నీరు ఇవ్వండి, పొరపాటున పూసినా ఆ పూత తుంచేయండి.

పూత మీద మంచు పడితే మాడిపోతుందని అంటాం. ఆ మాడిపోవడం వెనక ఇద్దరు శత్రువులున్నారు. ఒకటి బూడిద తెగులు. పూగుత్తి మీద తెల్లటి పొడి చల్లినట్లు కనిపిస్తుంది. రెండోది తేనెమంచు పురుగు. కొమ్మ కదిలిస్తే సన్నటి పురుగులు చిటపటలాడుతూ ఎగురుతాయి, ఆకులు జిగటగా మెరిసి తరువాత నల్లబడతాయి. పూగుత్తులు బయటికి వచ్చి పూలు విచ్చకముందు, నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు కలిపి పిచికారీ చేస్తే బూడిద తెగులు ఆగుతుంది. పురుగు మొదలవుతుంటే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు కలిపి కొట్టవచ్చు. ఈ రెండింటినీ కలిపిగానీ, వెంట వెంటనేగానీ వాడకండి. నూనె, గంధకం కలిస్తే ఆకు మాడుతుంది, మధ్యలో కనీసం మూడు వారాలు ఉండాలి. పూలు విచ్చాక ఏ మందూ వద్దు. మామిడికి పరాగం మోసేవి ఎక్కువగా ఈగలే. అవి పోతే పిందె ఎక్కడ నుంచి వస్తుంది? చెట్టు లోపలి గుబురును పలచబరచడం కూడా కాపు అయ్యాక చేయవలసిన పని. ఇప్పుడు కత్తి వేస్తే పూతనే కోసినట్లు. పూత రప్పిస్తామని కొందరు మొదట్లో పోసే హార్మోను మందుల జోలికి పెరటి చెట్టును పోనివ్వకండి. అవి నేలలో చాలాకాలం ఉండి చెట్టును గిడసబారుస్తాయి.

నిమ్మ. ముందు చెట్టు మీద పిందె ఉందో లేదో చూడండి. ఉంటే అది వానలు వెనకబడ్డాక వేసిన పూతది, వేసవిలో చేతికి వచ్చే కాయ అదే. ఆ చెట్టును ఎండగట్టకూడదు, పది రోజులకొకసారి నీరివ్వాలి. పిందె లేకపోతే డిసెంబరులో నీరు ఆపండి. ఎర్రనేలలో రెండు మూడు వారాలకు ఆకులు వాడుముఖం పట్టి కొన్ని రాలతాయి. బరువు నేలల్లో నెల పైన పడుతుంది. అప్పుడు పాదును పైపైన గుల్లచేసి, బాగా చివికిన పశువుల ఎరువు రెండు గంపలు వేసి, మొదట పలుచగా, తరువాత నిండుగా నీరు పెట్టండి. మాఘంలో చెట్టంతా పూత కమ్ముకుంటుంది. ఎండు పుల్లలు, గజ్జి తెగులు మచ్చలున్న రెమ్మలు ఈ ఆరుదల కాలంలోనే తీసేసి కాల్చండి.

జామ. ఏడాదిలో తియ్యటి కాయ ఇప్పుడే వస్తుంది. వానాకాలపు కాయలో చప్పదనం, పురుగు రెండూ ఉంటాయి. చలికి పక్వమైన కాయలో రెండూ ఉండవు. కాయ ఊరే దాకా నీరు తగ్గకుండా చూస్తే చాలు. ఆకులు ఊదా, ఎరుపు రంగుకు తిరగడం పీఠభూమిలో తరచుగా కనిపిస్తుంది. చలితో పాటు జింకు లోపం ఇందుకు కారణం కావచ్చు. లీటరు నీటికి 5 గ్రాముల జింకు సల్ఫేటు, దానిలో సగం సున్నం కలిపి ఆకులు తడిసేటట్లు కొట్టి చూడండి.

కొబ్బరి. కోరాపుట్ ఎత్తులో దీని మీద పెద్ద ఆశలు పెట్టుకోవద్దు. బరంపురం, పర్లాకిమిడి వైపు మాత్రం చలికాలంలో నీటి ఎద్దడి రానివ్వకూడదు. ఇప్పుడు ఎండిన చెట్టు కొన్ని నెలల తరువాత గెలలో ఆ లోటు చూపిస్తుంది. కాండం చుట్టూ ఆరు అడుగుల మేర పాదు చేసి, ఇసుక నేలల్లో నాలుగైదు రోజులకొకసారి నిండుగా నీరు పెట్టండి. పాదులో కొబ్బరి డొప్పలు బోర్లించి పరిస్తే తడి ఆరదు. ఇక తెల్లదోమ. వలయాలుగా గుడ్లు పెట్టే ఈ కొత్తరకం తెల్లదోమను మన దేశంలో 2016లో పొల్లాచ్చి ప్రాంతంలో గుర్తించారు. ఆ తరువాత తీరం వెంబడి వ్యాపించింది. ఆకు అడుగున తెల్లటి మైనపు చుట్టలు, కింది ఆకుల మీద మసి పూసినట్లు నలుపు దాని గుర్తులు. గట్టి పురుగుమందులు కొడితే దాన్ని తినే మిత్రకీటకాలు ముందు చస్తాయి, దోమ రెట్టింపవుతుంది. పొట్టి చెట్లకు ఆకు అడుగున నీటిని వేగంగా చిమ్మడం, వేపనూనె ద్రావణం, ఈ రెండే చాలు. మసి పొరకు పలుచని గంజి కొట్టండి. అది ఎండి పెచ్చులుగా ఊడేటప్పుడు మసిని వెంట తీసుకుపోతుంది.

పనస. కాండం మీద, పెద్ద కొమ్మల మీద పూగుత్తులు వచ్చే కాలమిది. వాటిలో చాలా మగవి. కొద్ది రోజులకు నల్లబడి రాలిపోవడం వాటి స్వభావం, కంగారు పడవద్దు. అయితే రాలినవి, పాత కాయల తొడిమలు కాండానికి వేలాడుతూ కుళ్లితే ఆ కుళ్లు ఆడ పిందెలకు పాకుతుంది. వాటిని ఏరి పారేయండి.

మునగ పూత మీద ఉన్నప్పుడు నీరు ఎక్కువైతే పూలు జలజలా రాలతాయి. కాండం మీద పగటిపూట గుంపుగా అంటుకుని కూర్చునే గొంగళి పురుగుల్ని చేత్తో ముట్టవద్దు. పొడవాటి కర్రకు గోనె చుట్టి, సబ్బు నీటిలో ముంచి, గుంపును ఒక్కసారిగా రుద్ది కింద బకెట్‌లో పడేయండి.

కరివేపాకు చలికి ఎదుగుదల ఆపేస్తుంది. ఆకు కోయడం తగ్గించండి, కోసినా చివరలు తుంచవద్దు. పుల్లమజ్జిగ పోసే అలవాటున్నవారు ఫాల్గుణం దాకా ఆగడం మంచిది. ఎదగని చెట్టు మొదట్లో ఆహారం పోగుపడితే వేరుకే చేటు.

సపోటాకు పన్నెండు, పదిహేను రోజులకు ఒక తడి చాలు. జీడిమామిడి కొత్త చిగురు నల్లబడి ఎండుతుంటే టీ దోమ పట్టిందని అర్థం. చిగురు దశలోనే వేపనూనె కొట్టాలి.

సీతాఫలం, ఉసిరి, వేప, టేకు ఆకులు రాల్చి విశ్రాంతి తీసుకుంటాయి. బతికి ఉందా లేదా అన్న అనుమానం వస్తే సన్నటి కొమ్మ బెరడును గోటితో గీరండి. కింద పచ్చగా, తడిగా ఉంటే ప్రాణం ఉంది. గోధుమ రంగులో పొడిగా ఉంటే ఆ కొమ్మ వరకు ఎండింది, ఇంకా కింద గీరి చూడండి. పూర్తిగా గీరి చూడకుండా ఏ చెట్టునూ కొట్టేయకండి. సీతాఫలాన్ని ఆకులు లేని ఈ సమయంలోనే కత్తిరించాలి, కొత్త రెమ్మల మీదే అది కాస్తుంది కాబట్టి కత్తిరింపు దానికి మేలు.

ఆరో పని: పీఠభూమిలో చలి రాత్రులు

పుష్యమాసంలో పూసగుచ్చే పొద్దుండదంటారు. ఆ కురచ పగళ్ల వెనక వచ్చే రాత్రులే ప్రమాదకరం. మబ్బు, గాలి రెండూ లేని రాత్రి నేల తన వేడిని ఆకాశానికి వదిలేస్తుంది. చల్లబడిన గాలి బరువెక్కి వాలు వెంట కిందికి జారి పల్లంలో నిలుస్తుంది. అందుకే కొండవాలు మీది ఇంటి కంటే కింద గెడ్డ పక్కన ఉన్న ఇంట్లో చెట్లు ఎక్కువ దెబ్బతింటాయి. వాతావరణ శాఖ చెప్పే కనిష్ఠ ఉష్ణోగ్రత మనిషి ఛాతీ ఎత్తున, నీడ పెట్టెలో కొలిచినది. అలాంటి రాత్రి నేల దగ్గర అంతకంటే నాలుగైదు డిగ్రీలు తక్కువ ఉండవచ్చు. రేడియోలో ఐదు, ఆరు డిగ్రీలని విన్నారంటే మీ గడ్డి మీద మంచు గడ్డకట్టవచ్చని లెక్క.

ఆ రోజు మధ్యాహ్నం లేత మొక్కల పాదుల్లో నేలకు మాత్రమే నీరు పెట్టండి. తడి నేల పగటి ఎండను దాచుకుని రాత్రి మెల్లగా వదులుతుంది. పొడి నేలకు ఆ శక్తి లేదు. ఆకులు తడపకూడదు. పాదులో దట్టంగా గడ్డి ఉంటే అది నేల వేడిని మొక్కకు అందనివ్వదు కాబట్టి ఆ ఒక్క రోజుకు పక్కకు జరపండి.

తరువాత కప్పు. మొక్క చుట్టూ నాలుగు వెదురు కర్రలు పాతి, పైనుంచి పాత నూలు చీరగానీ, గోనె సంచులు విప్పి కుట్టిన పట్టాగానీ నేల దాకా దించండి. నేల నుంచి లేచే వేడిని పట్టి ఉంచడమే దీని పని. కాబట్టి గొడుగులా పైన మాత్రం కప్పితే లాభం లేదు. ప్లాస్టిక్ పట్టా ఆకుకు తగిలిన చోటల్లా ఆకు మాడుతుంది. అదే దిక్కైతే తగలకుండా ఎత్తుగా కట్టండి. ఎండ రాగానే తీసేయాలి.

కాపాడవలసిన వరుస ఇది: మొదట బొప్పాయి, తరువాత అరటి, ఆ తరువాత మూడేళ్ల లోపు మామిడి, మునగ. అరటి పది డిగ్రీల దగ్గర కొత్త ఆకు వేయడం దాదాపు మానేస్తుంది. గెల ఉంటే దాని ఎండు ఆకులనే గెల చుట్టూ దించి అరటి నారతో కట్టండి. ఎండు ఆకులన్నీ శుభ్రంగా కోసేయడం ఈ కాలంలో సరికాదు. బొప్పాయికి చలి, తడి కలిస్తే మొదలు కుళ్లుతుంది, కాబట్టి దాని మొదట్లో నీరు నిలవనివ్వకండి.

చెత్త రాజేసి పొగ పెట్టడం గురించి చాలామంది అడుగుతారు. గాలి కదిలితే పొగ తేలిపోతుంది, వేడినిచ్చేది కొద్దిగానే. ఇళ్ల మధ్య దాని వల్ల దగ్గు తప్ప చెట్టుకు ఒరిగేది తక్కువని నా అభిప్రాయం.

చలికి వేపనూనె సీసాలోనే గడ్డకడుతుంది. పిచికారీకి ముందు సీసాను గోరువెచ్చని నీటిలో ఉంచి కరిగించండి, లేకపోతే గొట్టం మూసుకుపోతుంది, కలిసిన నూనె కూడా ముద్దలుగా పడి ఆకును కాలుస్తుంది.

డాబా మీది కుండీలకు రెండు మాటలు. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలతాడు, గోడకు ఉత్తరం వైపు నీడలో ఉన్న కుండీలను దక్షిణపు పిట్టగోడ నీడ కూడా పడని చోటికి మార్చండి. సిమెంటు నేల మీద నేరుగా ఉంచకుండా కింద రెండు ఇటుకలు పెట్టండి.

పండుగలు, పశువులు

కార్తీకంలో ఉసిరి కింద, రావి కింద దీపాలు పెడతాం. ప్రమిదను కాండానికి ఆనించి పెడితే వేడికి, కారిన నూనెకు బెరడు చచ్చిపోతుంది. రెండు అడుగుల దూరంలో చిన్న అరుగు కట్టి అక్కడ పెట్టినా పూజ పూజే. భోగిమంట కొమ్మల కింద వేయవద్దు. సరిగ్గా అప్పుడే మామిడి పూగుత్తులు బయటికి వస్తుంటాయి, ఆ సెగకు ఒక వైపు పూత అంతా మాడుతుంది. వరి కోతలయ్యాక ఊళ్లలో పశువుల్ని, మేకల్ని విడిచిపెడతారు. పొలాల్లో పచ్చదనం తగ్గేకొద్దీ అవి పెరళ్ల వైపు వస్తాయి. కొత్త మొక్కల చుట్టూ ముళ్లకంప ఇప్పుడే కట్టండి.

రథసప్తమి తరువాత

మాఘం నడిమికి వచ్చేసరికి లోయల్లో, తీరంలో చలి విరుగుతుంది. మామిడి పిందెను చూసి నీరు మొదలుపెట్టండి, మొదటి తడి సగమే ఇవ్వండి. కరివేపాకును నడుము ఎత్తుకు కత్తిరించి, చివికిన ఎరువు వేయడానికి ఇదే సమయం. పీఠభూమిలో కొత్త మొక్కలు నాటాలనుకున్నవారు తొలకరి దాకా ఆగితే మేలు.

మంచుకు మాడిన కొమ్మల విషయంలో మాత్రం తొందరపడవద్దు. నల్లబడిన ఆకులు చూడటానికి బాగోవని జనవరిలోనే కోసేస్తారు. ఆ ఎండిన ఆకులే కింది మొగ్గలకు తరువాతి చలి రాత్రుల్లో కప్పు. పైగా కొమ్మ ఎక్కడి దాకా చచ్చిందో అప్పుడు తెలియదు. ఫిబ్రవరి చివర, మార్చి మొదట్లో కొత్త చిగురు ఎక్కడ పొడుస్తుందో చూసి, దానికి అర అంగుళం పైన ఏటవాలుగా కోసి, బోర్డో పేస్టు పూయండి. మార్చి నెలాఖరుకూ చిగురు రాకపోతే ఒక ఎండు కొమ్మను, కొన్ని ఆకులను కాగితంలో చుట్టి, సెమిలిగుడలోనో గుణుపురంలోనో ఉన్న కృషి విజ్ఞాన కేంద్రానికి తీసుకెళ్లి చూపించండి.